ఫ్రెంచి భాషలో కుశల ప్రశ్న

ఏ భాష నేర్చినా మొదట నోటికి రావలసినది కుశల ప్రశ్న. తెలుగులో 'నీవు', 'మీరు' ఉన్నట్లే, ఉర్దూలో 'తుమ్', 'ఆప్' ఉన్నట్లే, ఫ్రెంచిలో 'త్యూ', 'వూ' ఉన్నాయి. కావున ఈ భేదము మన విద్యార్థులకు క్రొత్త కాదు.

గౌరవముగా అడుగునప్పుడు 'కొమాఁ తాలే వూ?' అనాలి. 'కొమాఁ' అనగా 'ఎలా'. దాని చివరనున్న తకారము సాధారణముగా పలుకదు. తరువాతి పదము అచ్చుతో మొదలైనందున ఇక్కడ పలుకుతుంది. చనువుగలవారిని 'కొమాఁ వా త్యూ?' అని అడుగుతాము. ఇక్కడ హల్లు వచ్చుటచేత ఆ తకారము మూగవోతుంది. రెండింటిలోను క్రియకు అసలు అర్థము 'వెళ్లుట'. మిత్రులు మరింత క్లుప్తముగా 'సా వా?' అంటారు, జవాబు కూడా 'సా వా' యే. స్వరము పైకి లేస్తే ప్రశ్న, దిగితే సమాధానము. గౌరవ ప్రశ్నకు 'జ వే బ్యేఁ, మెర్సీ. ఏ వూ?' అని బదులు చెప్పాలి. అనగా, 'బాగున్నాను, కృతజ్ఞతలు. మరి మీరు?'

రూపములు సులభమే, ఎవరితో ఏది అనాలన్నదే కష్టము. మనలో అనేకులు తండ్రిని 'మీరు' అనీ, హోటలులో బల్ల తుడిచే మనిషిని 'నువ్వు' అనీ సంబోధిస్తారు. నేటి ఫ్రాన్సులో బిడ్డలు తల్లిదండ్రులను సాధారణముగా 'త్యూ' అంటారు; హోటలులో వడ్డించే అపరిచితుని మాత్రము 'వూ' అంటారు. పరిచయము లేని వయోజనులెవరైనా, వృత్తి ఏదైనా, 'వూ'కు అర్హులే. మన అలవాటును అక్కడకు మోసుకొనిపోతే రెండు చోట్లా పొరబడతాము. అవతలివారు 'త్యూ' అనుకుందామని సూచించేవరకు 'వూ' అనుటే క్షేమము. ఆ ఒక్క మర్యాద మన భాషలలోను ఆచరింపదగినదే.