మరచినవారిని మరువరాదు

వరాహ, రామ, కృష్ణావతారములలో భగవానుడు అనుగ్రహించిన చరమశ్లోకములు మూడు. వానిలో వరాహచరమశ్లోకము భూదేవికి ఉపదేశింపబడినది. వేదాంతదేశికులు ‘రహస్యశిఖామణి’ యందు దీని యర్థమును విశదీకరించిరి. మనస్సు స్వస్థముగా నున్నపుడు తన్ను తలచిన భక్తుని, వాని తలంపు శక్తి ఉడిగిననాడు తానే తలచి తరింపజేయుదునని స్వామి యిచ్చిన అభయమే దీని సారము.

జీవితమంతయు నామస్మరణ చేసిన అవ్వ నేడు స్వామి పేరునే మరచినచో, ఆమె భక్తి వ్యర్థమాయెనా యని ఇంటివారు దుఃఖింతురు. ఆ శ్లోకమే వారికి సమాధానము. ఇది భక్తిలోపము కాదు, మెదడునకు కలిగిన వ్యాధి. దీనిని 1906లో జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వర్ణించెను. క్రొత్త జ్ఞాపకములను నిలుపు భాగము ఇందు సాధారణముగా మొదట దెబ్బతినును. కావున ఉదయము తిన్నది మరచినవారు ఏబది యేండ్లనాటి పెండ్లి ముచ్చట చెప్పగలరు. చేతికబ్బిన పని, నోటికబ్బిన పాట మరికొంతకాలము నిలుచును.

1938లో మాచాని సోమప్పగారి కృషితో చేనేత సహకార సంఘము వెలసిన ఊరు ఎమ్మిగనూరు. అచ్చట మగ్గముపైనే బ్రతుకు గడపిన వృద్ధుడు మనుమని పేరు మరచినను, నూలు చేతికిచ్చినచో తెగిన పోగును ముడివేయబోవచ్చును. ఆదోనిలో ప్రత్తి వ్యాపారము చేసినవాడు గుప్పెడు ప్రత్తి నందుకొని పింజను లాగి చూడవచ్చును. జ్ఞాపకమునకు ఇట్టి ద్వారములు మిగిలియుండును. ఇంటివారు వానిని వెదకవలెను.

“అవ్వా, నేనెవరో చెప్పు చూతము” అని పరీక్షింపరాదు. చెప్పలేకపోయినచో ఆమె సిగ్గుపడును, భయపడును. “అవ్వా, నేను నీ పెద్దకొడుకు కూతురిని. శ్రావణమాసములో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనమునకు నన్ను నీవే తీసికొనిపోయితివి” అని మనమే చెప్పవలెను. “అన్నము పెట్టలేదు” అన్నపుడు వాదింపక ఒక అరటిపండు చేతికీయవలెను. స్నానము, బొట్టు, దీపము నిత్యము ఒకే వేళకు జరుగవలెను. ఆమె యెరిగిన కీర్తనను ఎత్తుకొని నడుమ ఆపినచో, తరువాతి మాట ఆమెయే అందుకొనవచ్చును.

మరపు కనబడగానే వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము, మనోవ్యాకులత వలన కలుగు మరపు చికిత్సతో తగ్గవచ్చును. అల్జీమర్స్ వ్యాధిని పూర్తిగా మాన్పు మందు ఇంకను లేదు. మంత్రాలయము వంటి క్షేత్రములకు తీసికొనిపోవునపుడు ఇంటి చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటిని వారి వస్త్రమునకు కుట్టవలెను. సేవాభారము కోడలొక్కతెపై మోపక అందరును పంచుకొనవలెను.

భక్తుడు మరచిననాడు స్వామి స్మరించును. తల్లి మరచిననాడు ఆమె కథను ఆమెకే ప్రేమతో వినిపించు బిడ్డ, ఆ స్వామి కార్యమునే చేయుచున్నాడు.