అమ్మవారు, పెద్దరోగము: రెండు వ్యాధినామముల సామాజిక చరిత్ర

వ్యాధికి ప్రజలిడిన పేరు రోగలక్షణమును తెలుపు సంకేతము మాత్రమే కాదు. రోగి యెడల ఇల్లును ఊరును ఎట్లు మెలగవలయునో ఆ పేరే పెక్కుమార్లు నిర్దేశించును. ఆరోగ్యప్రచారమునకు సంస్కృతి సాధనము కాగలదను అభిప్రాయము నేడు తఱచుగా వినబడుచున్నది. దానిని పరీక్షించుటకు తెలుగునందలి రెండు పేర్లు చాలును. మశూచికి గల 'అమ్మవారు' అను పేరొకటి. కుష్ఠువ్యాధికి గల 'పెద్దరోగము' అను పేరు రెండవది.

మశూచి శబ్దమునకు మూలము సంస్కృతమందలి 'మసూరికా' శబ్దము. మసూరమనగా జనులు మైసూరుపప్పని వ్యవహరించు ధాన్యము. పొక్కులు ఆ పప్పు ఆకారమున నుండుటచే ఆ పేరు కలిగెను. మాధవనిదానమున ఈ వ్యాధికి ప్రత్యేకాధ్యాయమే కలదు. ఇది వైద్యుని చూపు. ఇంటి ఇల్లాలి చూపు వేఱు. ఆమె 'అమ్మవారు పోసినది' అనునే గాని 'రోగము వచ్చినది' అనదు. ఈ దృష్టి తెలుగువారికే పరిమితము కాదు. తమిళమున మశూచి 'పెరియమ్మై', ఆటలమ్మ 'చిన్నమ్మై', తట్టు 'తట్టమ్మై'. హిందీ ప్రాంతములందు 'మాత', మహారాష్ట్రమున 'దేవి'. వంగభాషలో వ్యాధి ప్రబలు ఋతువును బట్టి 'వసంత'మనియు, భక్తిని బట్టి 'తల్లి దయ' యనియు వ్యవహారము కలదు. ఉత్తర, పూర్వదేశములందు పూజలందు శీతలాదేవి పేరునకు చల్లనిది యని అర్థము. తీరాంధ్రమున ఆ స్థానము పోలేరమ్మది.

ఈ పేర్ల ఫలమును ఇంటిలో చూడవలెను. అమ్మవారు దిగిన దేహము పూజ్యము. కావున రోగిని వెలివేయుట యనునది లేదు. గుమ్మమునకు వేపమండలు కట్టుదురు. పరులు లోనికి రారాదు. పోపు వేయరాదు. చల్లని ఆహారమునే పెట్టవలెను. రోగి ఇంటనే యుండును, అంటు బయటికి పాకుటయు కొంత తగ్గును. మందు లేని కాలమున ఆదరమే చికిత్సగా నుండెను.

ఇచట ఒక పూర్వపక్షము కలదు. ఆ విశ్వాసమే టీకాలకు అడ్డుపడలేదా? అడ్డుపడిన మాట వాస్తవము. 1802లో బొంబాయిలో టీకా ప్రవేశించిన పిదప, దేవి యిచ్ఛకు ఎదురు నిలుచుట తగదని పలువురు వెనుదీసిరి. ఈ సంకోచమును భాషతోనే తొలగింప యత్నించినవాడు ఎల్లిస్. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో దక్షిణభాషలు వేఱొక కుటుంబమని నిరూపించిన పండితుడితడే. ఇతడు టీకాకు అనుకూలముగా శక్తికిని ధన్వంతరికిని నడుమ సంవాదముగా తమిళమున ఒక కథను కల్పించెను. ఉద్దేశము మంచిదే. కాని ప్రాచీనతను నటించు రచనలో ప్రజల సంస్కృతి వేషముగా మాఱినది. వేషము బయటపడిన నాడు టీకాపై నమ్మకమును కూడ అది కొనిపోగలదు.

మహారాష్ట్ర వ్యవహారము ఇందుకు భిన్నము. అచట టీకా వేయుటను 'దేవి టోచణే' అందురు. 'టోచణే' యనగా పొడుచుట. ఎవరును కథ కల్పింపలేదు. జనులే తమ పాతమాటను క్రొత్తచికిత్సకు ఇచ్చిరి. దేవియు సూదియు ఒకే పదబంధమున ఇమిడెను. 1973లో భారతదేశమున ఇంటింట మశూచి వెదుకులాట ఆరంభమైనప్పుడు కార్యకర్తలు రోగియైన శిశువు చిత్రమును చేతబట్టి తిరిగిరి. పేరు ఏదైనను చిత్రమును గుర్తింపవచ్చును గదా! అన్నిచోట్ల ఒకే పేరును రుద్దక, ఎవరి మాటలో వారిని చెప్పనిచ్చు ఉపాయమిది. దేశమున చివరి రోగి 1975 మే 24న అస్సాములో కానవచ్చెను. 1980 మే నెలలో లోకమే మశూచిరహితమైనదని ప్రపంచ ఆరోగ్యసభ ప్రకటించినది.

ఇక రెండవ పేరు. సంస్కృతమున 'కుష్ఠ' శబ్దము విశాలార్థము కలది. సుశ్రుతుడు ఏడు మహాకుష్ఠములను, పదునొకండు క్షుద్రకుష్ఠములను చెప్పెను; పెక్కు చర్మవ్యాధులు అందు చేరును. లోకవ్యవహారమున అది సంకుచితమై ఒక్క వ్యాధికి రూఢియైనది, ఆపై తిట్టుగా దిగినది. అసలు పేరెత్తుటకే జంకి 'పెద్దరోగ'మన్నారు. అమ్మవారనుటలో గౌరవము కలదు. పెద్దరోగమనుటలో భయమే కలదు. ఒక పేరు రోగిని ఇంట నిలిపెను, రెండవది ఊరు దాటించెను. 1898 నాటి చట్టము ఈ వెలివేతకు శాసనరూపమిచ్చినది. అది 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠు కారణముగా విడాకులు కోరు వీలును వివాహచట్టములనుండి 2019లో తొలగించిరి. వ్యాధిక్రిమిని హాన్సెన్ 1873లోనే కనుగొనెను. బహుళౌషధ చికిత్స 1980ల నుండియు కలదు. మందు మొదలిడిన స్వల్పకాలముననే రోగి ఇతరులకు అంటింపనివాడగును. అయినను పేరునకు భయపడి మచ్చను దాచువారు ఆలస్యముగా వత్తురు. ఆ ఆలస్యమే వ్రేళ్లను, చూపును హరించును. చికిత్స ఆసుపత్రిలో సిద్ధముగా నున్నను పేరు గుమ్మముకడ అడ్డము నిలుచుచున్నది.

కావున సంస్కృతి యంతయు ఆరోగ్యమునకు మేలనుటయు, అంతయు మూఢమనుటయు రెండును అసమగ్రములు. ప్రతిపదమును వేఱుగా పరీక్షింపవలెను. అది రోగిని లోనికి తెచ్చునదా, బయటికి నెట్టునదా? మొదటి తెగ మాటలను ఆరోగ్యకార్యకర్త ప్రజలనుండి నేర్చుకొనవలెను. రెండవ తెగ మాటలకు బదులు క్రొత్తమాట కావలసినచో రోగమనుభవించినవారి నడిగి గ్రహింపవలెను. కార్యాలయమున కల్పించినది నిలువదు.

ఇందు భాషాశాఖల కర్తవ్యము స్పష్టము. 1962లో వ్యవసాయపదములతో ఆరంభమైన తెలుగు మాండలిక వృత్తిపదకోశము ఊరూర తిరిగి మాటలను సేకరించు మార్గమును చూపినది. ఆ మార్గమున వ్యాధినామకోశమును భారతీయభాషలన్నింటను, గిరిజనభాషలను విడువక, కూర్పవలసియున్నది. పదముతోపాటు దానిని పలుకునప్పుడు రోగిని ఎచట కూర్చుండబెట్టుదురో, ఎవరు అన్నము పెట్టుదురో కూడ అందు నమోదు కావలెను.