మిస్సింగ్ కొట్టిన ఇంజన్ చెప్పిన పాఠం



మాన్య దాతలకు మన సొసైటీ వ్యాను సంగతి తెలుసు. పేద రోగులను కేజీహెచ్‌కు తీసుకెళ్ళి, తిరిగి ఇంటి దగ్గర దింపే పాత మారుతి ఓమ్ని అది. నిరుడు ఆయిల్ తాగేస్తూ పొగ ఎక్కువైతే, మీరిచ్చిన సొమ్ముతోనే ఇంజన్ దింపించి బోరు చేయించాం. పిస్టన్లు, రింగులు కొత్తవి వేయించి, హెడ్డును లేత్‌కు పంపి వాల్వు సీట్లు కోయించాం. బండి తిరిగొచ్చిన మూడో రోజునే మిస్సింగ్ మొదలైంది. పొద్దున్న స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. పది నిమిషాలు నడిచి వేడెక్కిందంటే ఒకటే కుదుపు, ఎత్తు లాగదు. షెడ్డులో అడిగితే, "ఇంజన్ మళ్ళీ దించాలి" అన్నారు. అంటే ఖర్చు మళ్ళీ మొదటికి వచ్చినట్టే. అన్ని రోజులూ రోగులకు బండి ఉండదు.

అప్పుడు నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. మన సొసైటీ ఫీజుతోనే ఐటీఐలో రెండేళ్ళ మోటారు మెకానిక్ ట్రేడు పూర్తి చేసి, ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో పని చేస్తున్నాడు. "దించే ముందు ఒక్క పూట నాకివ్వండి సార్" అన్నాడు. ఆ పూట నేను చూసింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

1876లో జర్మనీలో నికోలస్ ఆటో నడిపి చూపిన నాలుగు స్ట్రోకుల పద్ధతే మన పెట్రోలు ఇంజన్లదీ. సిలిండర్ మండాలంటే మూడు కావాలి: సరైన పాళ్ళలో పెట్రోలు-గాలి, గట్టి కంప్రెషన్, సమయానికి స్పార్క్. ఓమ్ని 796 సీసీ ఇంజన్‌కు సిలిండర్లు మూడు. అవి 1-3-2 వరుసలో మండుతాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. నిమిషానికి 900 చుట్ల ఐడిలింగ్‌లో అది 450 సార్లు. ఒక సిలిండర్ పడిపోతే మూడో వంతు బలం పోయినట్టే.

మావాడు పాటించిన సూత్రం ఇది: పని చేయించిన వెంటనే వచ్చిన లోపం చాలావరకు ఆ పనిలో చెయ్యి తగిలిన చోటే ఉంటుంది. అందుకని ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సైన్సు ప్రయోగాల్లో మేం పిల్లలకు చెప్పేది ఇదే.

మొదట ఏ సిలిండరో తేల్చాడు. ఇంజన్ వేడెక్కాక, రబ్బరు పిడి ఉన్న పటకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి, ఇంజన్‌కు ఆనించిన వేరే ప్లగ్‌కు తగిలించాడు. వట్టి చేత్తో పట్టుకుంటే గట్టి షాకే. ఒకటి, మూడు తీసినప్పుడు ఇంజన్ కుంగింది. రెండోది తీస్తే తేడా లేదు. అంటే లోపం రెండో సిలిండర్‌లో.

తర్వాత వైర్ల వరుస చూశాడు, సరిగానే ఉంది. రెండో ప్లగ్‌ను మూడోదానితో మార్చాడు. లోపం ప్లగ్ వెంట పోలేదు. వైరు మార్చినా అంతే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర గాలి లీకు లేదు.

ఇక కంప్రెషన్ గేజి. ప్లగ్గులన్నీ తీసి, స్పార్క్ రాకుండా కాయిల్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టించాడు. ఒకటి, మూడు దాదాపు సమానం, రెండోది బాగా తక్కువ. అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూశాడు. రీడింగ్ పెరిగితే రింగుల లోపం అనుకోవాలి. పెరగలేదు. పక్క సిలిండర్ కూడా తక్కువుంటే హెడ్ గ్యాస్కెట్‌ను, మూడూ తక్కువుంటే టైమింగ్ బెల్టును అనుమానించాలి. ఇక్కడ ఒక్కటే. ఇక చూడాల్సింది వాల్వు.

ఇంజన్ చల్లారాక పై కవరు విప్పి, ఫిల్లర్ గేజి పెట్టాడు. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర అన్నిటికంటే పలచని రేకు కూడా దూరలేదు. కారణం తేలిక. సీటు కోస్తే వాల్వు లోతుకు కూర్చుంటుంది, దాని కాడ రాకర్ వైపు జరుగుతుంది, మధ్య సందు తగ్గుతుంది. అందుకే హెడ్డు పని తర్వాత టాపెట్లు తప్పక సెట్ చేయాలి. ఈ ఒక్కటీ తప్పిపోయింది. వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోలేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండటం అందుకే.

మాన్యువల్‌లో ఉన్న కొలతకు టాపెట్లన్నీ సెట్ చేశాడు. వేడి మీద మళ్ళీ గేజి పెడితే మూడూ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఖర్చు కవరు గ్యాస్కెట్ ఒక్కటే. షెడ్డు ఉస్తాద్ కోపగించుకోలేదు. "చూశామనుకున్నాం భాయ్" అన్నాడు, తల వంచుకుని.

ఒక హెచ్చరిక. మిస్సింగ్ ఉన్న బండిని 'ఎలాగో నడుస్తోంది కదా' అని నడపకండి. మండని పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేసి కొత్త రింగులను అరగదీస్తుంది. సరిగా మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు కొన్నాళ్ళకు కాలిపోతుంది. అప్పుడు ఇంజన్ నిజంగానే దించాలి.

ఇక నా మనవి. ఆ కుర్రాడికి చదువు మీరిచ్చారు. కంప్రెషన్ గేజి, ఫిల్లర్ గేజి మాత్రం ఆ రోజు అరువు తెచ్చుకున్నాడు. ఐటీఐ పూర్తి చేసే మన పిల్లలకు ఫీజుతో పాటు, చివర్లో ఒక పనిముట్ల పెట్టె కూడా ఇవ్వగలిగితే, ఊహించి విప్పే మెకానిక్ కాక కొలిచి చెప్పే మెకానిక్ తయారవుతాడు. అతని కుటుంబంతో పాటు, బండి మీద బతికే ఎన్నో కుటుంబాల సొమ్ము మిగులుతుంది.

వ్యాను ఇప్పుడు రోజూ తిరుగుతోంది.