గర్భసంచి తీయించుకునే ముందు: హిస్టరోస్కోపీ గురించి తెలుసుకోండి

(డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల కోసం)

"నెలసరి ఎక్కువవుతోంది, గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది." ఈ మాట మన గోదావరి పల్లెల్లో తరచూ వింటుంటాం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి సుమారు ముగ్గురు. మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది! వీరందరికీ ఆపరేషన్ తప్పనిసరేనా? అందుకే ముందు కారణం తెలుసుకోవాలండి.

హిస్టరోస్కోపీ అంటే ఏమిటి?
చివర కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని యోని మార్గం ద్వారా గర్భసంచిలోకి పంపి, లోపలి భాగాన్ని టీవీ తెరపై చూస్తారు. పొట్టపై కోత, కుట్లు ఉండవు. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పాలిప్‌లు, లోపలి వైపు పెరిగిన చిన్న గడ్డలు, అతుకులు ఉంటే ఇదే దారిలో తొలగించవచ్చు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.

ఎవరికి అవసరం కావచ్చు?
• నెలసరిలో రక్తస్రావం ఎక్కువైనా, మధ్యమధ్యలో కనిపించినా
• పదే పదే గర్భస్రావం అవుతున్నా, పిల్లలు కలగకపోయినా
• ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా (ఇది ఒక్కసారైనా సరే, వెంటనే డాక్టరుకు చూపించాలి)

గర్భవతులకు, ఇన్ఫెక్షన్ ఉన్నవారికి సాధారణంగా చేయరు. గర్భసంచి గోడలో పెరిగిన పెద్ద గడ్డలకు ఇది సరిపోదు. క్యాన్సర్ వంటి జబ్బుల్లో గర్భసంచి తీయక తప్పకపోవచ్చు.

తర్వాత జాగ్రత్తలు
కొద్దిగా కడుపునొప్పి, కొన్ని రోజులు రక్తపు మరకలు మామూలే. జ్వరం, దుర్వాసనతో స్రావం, ఆగని రక్తం, తీవ్రమైన నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి.

డాక్టరును అడగండి
1. నా సమస్యకు కారణం ఏమిటి? స్కానింగ్‌లో ఏముంది?
2. మందులతో గానీ హిస్టరోస్కోపీతో గానీ తగ్గుతుందా?
3. గర్భసంచి తీస్తే అండాశయాలు ఉంచుతారా?

చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే ముట్లు ఆగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ ముప్పు పెరుగుతుంది.

పథకంలో ఎలా?
రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులతో ఆసుపత్రిలోని వైద్య మిత్రను కలవండి. మీకు రాసిన చికిత్స పథకం జాబితాలో ఉందో లేదో ముందే అడగండి. సందేహం ఉన్నా, పథకం కింద చేసే చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగినా 104కు ఫోన్ చేయండి.

తీసిన గర్భసంచిని తిరిగి పెట్టలేరు. అడగడానికి మొహమాటపడకండి.