హైదరాబాదుకు రెండు రోజుల యాత్ర: ముందుగా వేసుకోవలసిన లెక్క

విహారయాత్ర అనగానే మన విద్యార్థులకు బస్సు, పాటలు, ఫోటోలు గుర్తొస్తాయి. లెక్క ఆఖరున గుర్తొస్తుంది. అసలు మొదలుపెట్టవలసింది లెక్కతోనే. కారంపూడి ప్రాంతానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదుకు వెళ్ళి, రెండు రోజుల్లో చూడదగినవి చూచి, వీధి తిండి రుచి చూచి, క్షేమంగా ఇంటికి చేరడానికి ఏమేమి ఆలోచించుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాను.

చదువుకునే రోజుల్లో మేము ఆరుగురం ఇలాగే బయలుదేరాం. రెండు పొరపాట్లు చేశాం. మొదటిది, శుక్రవారం నాడు సాలార్‌జంగ్ మ్యూజియం గేటు ముందు నిలబడ్డాం. శుక్రవారం దానికి సెలవని మాలో ఒక్కడికీ తెలియదు. రెండోది ఇంతకంటె పెద్దది. సాయంత్రం చార్మినారు దగ్గర ఎవరికి నచ్చింది వాళ్ళు కొనుక్కుని తింటున్నాం. మాలో ఒకడు మాత్రం, "ఆకలిగా లేదురా, మీరు తినండి" అని దూరంగా నిలబడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం కూడా అదే మాట. తిరుగు బస్సులో గాని మాకు అర్థం కాలేదు, వాడి జేబులో చార్జీలకు మించి లేదని. ఇక్కడ చెప్పే పద్ధతి ఆ రెండు పొరపాట్ల నుంచి నేర్చుకున్నదే.

సంచి

కారంపూడి వాళ్ళకు చాపకూడు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం చెబుతాను. 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధానికి సంబంధించిన కథలో, బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని ప్రసిద్ధి. నాగులేరు ఒడ్డున ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో నేటికీ ఆ మాట తలుచుకుంటారు. యాత్రకు వెళ్ళే జట్టుకు ఇంతకన్న మంచి సూత్రం నాకు కనబడలేదు.

దీన్ని అమలు చేసే విధానం తేలిక. జట్టులో ప్రతి ఒక్కరూ తాము తేగలిగిన మొత్తాన్ని పేరు రాయకుండా చీటీ మీద రాసి ఒక డబ్బాలో వేయాలి. అన్నిటికంటె తక్కువ అంకె ఏదో అదే అందరి చందా. ఆ మొత్తంలో యాత్ర సాగకపోతే ఒక రోజు తగ్గించుకోవాలి గాని, మనిషిని తగ్గించుకోకూడదు. డబ్బంతా ఒకే సంచిలో, ఒకే కోశాధికారి చేతిలో ఉండాలి. అందులో అయిదో వంతు జబ్బుకీ, బండి తప్పిపోవడానికీ పక్కన పెట్టాలి. మిగిలినదాన్ని ప్రయాణం, బస, టిక్కెట్లు, తిండి అని నాలుగు పద్దులుగా రాసుకోవాలి. ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళు విడిగా ఖర్చు పెట్టకూడదన్నది ముఖ్యమైన నియమం. అది లేకపోతే చీటీలు వేసిన ప్రయోజనం ఉండదు.

రోజు, దారి

శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియమే కాదు, చౌమహల్లా ప్యాలెస్ కూడా ఆ రోజు మూసి ఉంటుంది. జంతు ప్రదర్శనశాల చూడాలనుకుంటే సోమవారం పనికిరాదు. వేళలూ, టిక్కెట్ల ధరలూ మారుతుంటాయి కనుక బయలుదేరే వారంలో మళ్ళీ కనుక్కోవాలి. బస కూడా ముందే ఖాయం చేసుకోవాలి. ఆధార్ కార్డు అందరి దగ్గరా ఉండాలి.

కారంపూడి నుంచి బస్సులో పిడుగురాళ్ల చేరి, గుంటూరు నుంచి వికారాబాదు వెళ్ళే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికిందరాబాదులో దిగవచ్చు. దారిలో కృష్ణ దాటేటప్పుడు కిటికీ దగ్గర ఉండండి. పొందుగులకు అవతలి ఒడ్డున వాడపల్లి దగ్గర మూసీ నది కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదు పాతబస్తీ పక్కగా పారే మూసీ ఇదే. 1908లో ఆ నగరాన్ని ముంచెత్తిన వరదనీరు కూడా చివరికి మన పల్నాటి గడప ముందుకే వచ్చింది.

మొదటి రోజు: పాతబస్తీ

చాలామంది చేసే తప్పు, పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం చార్మినారు అని ఒకే రోజులో రెండూ ఇరికించడం. ఒకటి నగరానికి పడమర, మరొకటి దక్షిణం. రోజంతా ఆటోల్లోనే గడిచిపోతుంది. ఒక రోజుకు ఒక దిక్కు చాలు.

సికిందరాబాదు ఈస్ట్ స్టేషనులో మెట్రో ఎక్కి, పెరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. 1951లో ప్రారంభమైన ఈ మ్యూజియాన్ని 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించారు. గదులన్నీ చూడాలని పరుగెత్తవద్దు. పాలరాతి ముసుగు కింద ముఖం కనిపించే బెంజోని శిల్పం రెబెకా, గంట గంటకూ చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం, ఇంకా మీకు నచ్చిన రెండు గదులు చాలు.

అక్కడి నుంచి మదీనా కూడలి, పత్తర్‌గట్టి, గుల్జార్‌హౌజ్ మీదుగా నడిచి చార్మినారు చేరండి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించిన కట్టడమిది. పక్కనే ఉన్న మక్కా మసీదు కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ప్రార్థనా స్థలం గనుక దుస్తుల విషయంలో మర్యాద పాటించాలి. గాజుల కోసం లాడ్ బజారుకు వెళ్ళినా, చూసి బేరమాడి వచ్చేస్తే సంచికి క్షేమం.

రెండో రోజు: గోల్కొండ

తలుపులు తీసే వేళకే అక్కడ ఉండాలి. ఎండెక్కితే పై దాకా ఉన్న సుమారు 360 మెట్లు ఎక్కడం కష్టం. బాలాహిస్సార్ ద్వారం గోపురం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది. జట్టును రెండు భాగాలుగా చేసి పరీక్షించి చూడండి. భద్రాచలం గుడి కోసం సర్కారు సొమ్ము ఖర్చు చేశాడని కంచెర్ల గోపన్నను బంధించిన చెరసాల ఇక్కడే ఉంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట ఔరంగజేబు వశమైంది. ఓపిక ఉంటే దగ్గరలోని కుతుబ్‌షాహీ సమాధులు చూడవచ్చు. లేకపోతే వదిలేయండి. రాత్రి బస్సుకు రెండు గంటలు ముందుగా నగరం నడిబొడ్డుకు చేరడం ముఖ్యం.

తిండి

2019లో యునెస్కో హైదరాబాదును ఆహారకళకు సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. అయినా ఆ పేరు చూసి పెద్ద హోటళ్ళకు పోనక్కరలేదు. రుచి బండి దగ్గరా ఉంది, ఇరానీ హోటలు బల్ల మీదా ఉంది.

బయలుదేరే ముందే ఎవరు ఏమి తింటారో, ఏమి తినరో అడిగి రాసుకోండి. శాకాహారులుంటారు, హలాల్ చూసుకునేవారుంటారు, శనివారం ఒంటిపూట వారుంటారు. ఎవరినీ బలవంతం చేయవద్దు, ఎగతాళి అసలే వద్దు. అందరూ తినగలిగినవాటితో పద్దు మొదలుపెట్టండి. పొద్దున బండి దోసె, సాయంత్రం మిరపకాయ బజ్జీ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టు ఇటువంటివి. ఇరానీ చాయ్‌లో డికాషను మూతపెట్టిన పాత్రలో చాలాసేపు మగ్గుతుంది, పాలు వేరుగా చిక్కగా కాగుతాయి. రెండూ కప్పులో కలుస్తాయి. తీపీ ఉప్పూ కలిసిన బిస్కట్టు అందులో ముంచుకుంటే బాగుంటుంది. మాంసాహారులకు లుక్మీ, బిర్యానీ ఉన్నాయి. రంజాన్ నెలలో వెళితే హలీం ఉంటుంది. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుంటే నాలుగు రుచులు చూడవచ్చు, కడుపూ బరువెక్కదు.

కారం విషయంలో మనవాళ్ళు బింకంగా ఉంటారు. అసలు మిరపకాయ మన దేశానికి వచ్చింది పోర్చుగీసు వారి వెంట, 16వ శతాబ్దంలో. బాలచంద్రుడికి మిరపకాయ రుచే తెలియదన్నమాట! కాబట్టి పౌరుషం కోసం పది బజ్జీలు తిని మర్నాడు గోల్కొండ మెట్ల మీద బాధపడవద్దు. కళ్ళెదుట వేడిగా వేసినది, జనం కదులుతున్న బండి దగ్గర తినండి. కోసి పెట్టిన పండ్లు, మూతలేని చట్నీ, ఐసు వేసిన షర్బత్తు మానేయండి. మంచినీళ్ళ సీసా, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి. మొదటి పూటకు ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోతే తిండి పద్దులో ఒక పూట మిగులుతుంది.

ఆనాటి మా మిత్రుడు ఆ తరువాత మాతో మరొకసారి వచ్చాడు. అప్పుడు చీటీలు వేశాం, సంచి వాడి చేతికే ఇచ్చాం. చూసిన స్థలాలు మొదటిసారికంటె తక్కువే. కాని ఇరానీ హోటల్లో ఆరు కప్పులు ఒకే బల్ల మీదకు వచ్చాయి. డబ్బులిచ్చి వచ్చింది వాడే.

ఈ ఏడు యాత్రకు వెళ్ళదలచినవారు ఊరి పేరు తేల్చకముందే డబ్బాలో చీటీలు వేయండి.