పదునెనిమిది వందల గంటల పరుగు

సూర్యుడు భూమినుండి నీటిని గ్రహించుట వర్షరూపమున మరల భూమికే ఇచ్చుటకని మన పెద్దలు చెప్పుదురు. ప్రభుత్వము గైకొను పన్నును అట్టిదే. అది విద్యగా, వైద్యముగా ప్రజలకు తిరిగి రావలెను. ఎవరినుండి ఎంత గైకొనవలెను? దేనికి వెచ్చింపవలెను? ఒక దేశమున ఈ ప్రశ్నలను విద్యార్థులే లేవనెత్తిరి. ఆ దేశము దక్షిణ అమెరికా ఖండమునందలి చిలీ.

1973లో చిలీ దేశమున సైన్యము అధికారమును చేజిక్కించుకొనెను. 1981 నుండి ఆ ప్రభుత్వము విశ్వవిద్యాలయములకిచ్చు ధనమును తగ్గించి, విద్యార్థులు జీతములు చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1990లో ప్రజాప్రభుత్వము మరల వచ్చినను ఆ పద్ధతి తొలగలేదు. సామాన్య కుటుంబములు అప్పు చేసి బిడ్డలను చదివించుచుండెను. పట్టాతోపాటు ఋణభారమును యువకుల వెంట వచ్చుచుండెను.

2006లో మొదట ఉన్నత పాఠశాలల పిల్లలు ఉద్యమించిరి. ముదురు నీలి కోటు, తెల్లని చొక్కా ధరించుటచే జనులు వారిని ‘పెంగ్విన్లు’ అని ముద్దుగా పిలిచిరి. 2011లో విశ్వవిద్యాలయముల విద్యార్థులు ఉచితవిద్య కావలెనని పెద్దయెత్తున ఉద్యమము సాగించిరి.

అందులకు ధనమెక్కడిది? విద్యార్థులు దేశపు లెక్కలను పరిశీలించిరి. వస్తువులు కొనునప్పుడు చెల్లించు పన్ను 19 శాతము. రొట్టె కొను కూలివానికిని, కోటీశ్వరునికిని ఒకటే రేటు. కంపెనీల లాభములపై పన్ను మాత్రము 2010 వఱకు 17 శాతమే. ఆ యేటి భూకంపము పిమ్మట దానిని తాత్కాలికముగా 20 శాతము చేసిరి. కలిగినవారు అధికముగా చెల్లింపవలెననియు, ఆ ధనముతో బిడ్డలందఱును చదువుకొనవలెననియు విద్యార్థులు కోరిరి.

ఈ కోరికను జనులకు తెలుపుటకు 2011 జూన్ నెలలో కొందఱు శాంటియాగో నగరమున, అధ్యక్షుని సౌధమగు లా మొనేడా చుట్టును పరుగు ప్రారంభించిరి. ఒకరు అలసినంతనే వేఱొకరు జెండా నందుకొనుచు రేయింబవళ్లు పరుగిడిరి. అచ్చట అది శీతకాలము. అయినను 75 దినములు, అనగా 1,800 గంటలు, ఆ పరుగు సాగెను. ఏల ఆ సంఖ్య? మూడు లక్షల విద్యార్థులకు ఒక యేడు ఉచితముగా చదువు చెప్పుటకు 1,800 మిలియన్ డాలర్లు, అనగా 180 కోట్ల డాలర్లు, కావలెనని వారి లెక్క. గంటకొక మిలియన్! అంకెలలో దాగిన విషయము పరుగు రూపమున సామాన్యులకును బోధపడెను.

ఆగస్టు నెలలో ఒకనాటి రాత్రి పౌరులు వంటపాత్రలు మ్రోగించి విద్యార్థులకు తోడు నిలిచిరి. ఆ మార్గమున దుఃఖమును లేకపోలేదు. కొన్ని ఊరేగింపులలో దౌర్జన్యము చెలరేగెను. ఆ నెలలోనే సమ్మె నాటి రాత్రి పోలీసు గుండు తగిలి పదునాఱేండ్ల బాలుడొకడు అసువులు బాసెను.

2012లో లాభములపై 20 శాతము పన్ను శాశ్వతమయ్యెను. 2014లో చేసిన చట్టము దానిని క్రమముగా 25, 27 శాతములకు పెంచెను. 2016లో పేద కుటుంబముల విద్యార్థులకు ఉచిత ఉన్నతవిద్య ఆరంభమయ్యెను. 2018లో అది పదింట ఆఱువంతుల కుటుంబములకు విస్తరించెను. నాటి విద్యార్థి నాయకులలో ఒకడగు గాబ్రియేల్ బోరిక్ 2022లో దేశాధ్యక్షుడయ్యెను. అయినను మఱుసటి యేడు అతని పన్నుల బిల్లును శాసనసభ త్రోసిపుచ్చెను.

కోరిక యంతయు నెరవేరలేదు. కాని పరుగు వ్యర్థము కాలేదు. హక్కు కావలెనని అడుగుట సులభము. దానికగు వ్యయమెంతయో, దానిని ఎవరు భరించుట న్యాయమో లెక్కగట్టి చూపుట కష్టము. చిలీ విద్యార్థులు ఆ కష్టమైన పనికి పూనుకొనిరి. అందుచేతనే దేశము వారి మాట ఆలకించెను.