టింబక్టు రాతప్రతులు: అమానత్‌ను కాపాడిన కుటుంబాలు

ఎడారి అనగానే మన పిల్లలకు ఇసుక, ఒంటెలు, ఎండ గుర్తొస్తాయి. పుస్తకాలు గుర్తురావు. అందుకే పాఠం చెప్పేటప్పుడు మేము ఆఫ్రికా పటంలో టింబక్టును తప్పకుండా చూపిస్తాం.

ఈ ఊరు మాలి దేశంలో, సహారా ఎడారి అంచున, నైజర్ నదికి కొద్ది దూరంలో ఉంది. ఉత్తరం నుంచి ఒంటెల మీద ఉప్పు, దక్షిణం నుంచి బంగారం వచ్చి ఇక్కడ చేతులు మారేవి. 1324లో హజ్‌కు వెళ్ళిన మాన్సా మూసా చక్రవర్తి తిరిగి వచ్చాక ఇక్కడ జింగెరెబెర్ మసీదు కట్టించారు. సంకోరె మసీదు చుట్టూ పండితులు స్థిరపడి పాఠాలు చెప్పారు. ఇక్కడ పుస్తకాల అమ్మకంలో మిగతా సరుకులకంటే ఎక్కువ లాభం ఉండేదని 16వ శతాబ్దపు యాత్రికుడు లియో ఆఫ్రికానస్ రాశారు.

ఆ పుస్తకాలన్నీ చేతిరాతవే. ఖుర్‌ఆన్, ఫిఖ్హ్‌తో పాటు ఖగోళం, వైద్యం, గణితం, వ్యాపార ఒప్పందాలు, ఉత్తరాలు కూడా వాటిలో ఉన్నాయి. ఎక్కువ భాగం అరబీలో ఉండగా, కొన్ని అరబీ లిపిలో రాసిన స్థానిక భాషల్లో ఉన్నాయి.

ఎవరు కాపాడారు?

ముఖ్యంగా కుటుంబాలు కాపాడాయి. 1591లో మొరాకో సైన్యం ఈ ప్రాంతాన్ని ఆక్రమించింది. ఆ తర్వాత పండితుడు అహ్మద్ బాబాను బంధించి మొరాకోకు తరలించారు. తమ బంధువులందరిలో తనదే చిన్న గ్రంథాలయమని, అందులోనే 1,600 పుస్తకాలు పోయాయని ఆయన సుల్తాన్ ఎదుట చెప్పుకున్నారు. చాలా ఏళ్ళకు స్వస్థలం చేరి, 1627లో అక్కడే కన్నుమూశారు. 1894లో ఫ్రెంచివారు వచ్చినప్పుడు ఇళ్ళవాళ్ళు పుస్తకాలను పెట్టెల్లో దాచారు, కొందరు ఇసుకలో పూడ్చిపెట్టారు. తండ్రి అప్పగించినదాన్ని కొడుకు అమానత్‌గా భావించాడు.

ఆ అమానత్‌కు పెద్ద పరీక్ష 2012లో వచ్చింది. ఆ సంవత్సరం సాయుధ ముఠాలు ఊరిని పట్టుకుని ఔలియాల సమాధులను కూల్చాయి. రాతప్రతులకూ ముప్పు తప్పదని గ్రంథపాలకుడు అబ్దెల్ ఖాదర్ హైదరా, ఆయన సహచరులు గ్రహించారు. ఇనుప ట్రంకు పెట్టెలు కొని, రాత్రిపూట వాటిని నింపి, గాడిదబండ్లు, జీపులు, పడవల మీద రాజధాని బమాకోకు చేర్చారు. అలా తరలించినవి మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయని ఆ పని చేసినవారి లెక్క. పెట్టెలకు, ఇంధనానికి, కిరాయికి విదేశీ సంస్థలు డబ్బిచ్చాయి, ప్రాణాలకు తెగించింది మాత్రం ఊరివాళ్ళే. 2013 జనవరిలో ముఠాలు వెళ్ళిపోతూ అహ్మద్ బాబా సంస్థలో నిప్పు పెట్టాయి. దాదాపు 4,200 రాతప్రతులు కాలిపోయాయి లేదా మాయమయ్యాయి.

కాపాడిన తర్వాత

దాతలమైన మనం ఆలోచించాల్సింది ఇక్కడే. ప్రమాదం వార్తల్లో ఉన్నంతకాలం సాయం ధారాళంగా వస్తుంది. ప్రమాదం తీరాక కూడా ఖర్చు ఉంటుంది. ఎడారి పొడిగాలికి అలవాటుపడిన కాగితానికి బమాకో వానాకాలపు తేమ కొత్త శత్రువు. ప్రతి పుస్తకానికీ దుమ్ము దులపాలి, ఆమ్లం లేని పెట్టె చేయాలి, పేరు నమోదు చేయాలి, ఫోటో తీయాలి. అమెరికాలోని మిన్నెసోటాలో క్రైస్తవ సన్యాసులు నెలకొల్పిన హిల్ గ్రంథాలయం ఆ ఫోటోల పనిలో ఏళ్ళ తరబడి తోడ్పడింది. మతం వేరైనా జ్ఞానాన్ని వాళ్ళు పరాయిదిగా చూడలేదు.

మసీదుల సంగతీ అంతే. అవి మట్టి కట్టడాలు, వానకు పైపూత కరిగిపోతుంది. అందుకని తాపీమేస్త్రీల కుటుంబాలు ముందు నిలవగా ఊరంతా చేరి మళ్ళీ మళ్ళీ మట్టి మెత్తుతారు. పిల్లలు నీళ్ళు మోస్తూ ఆ పని నేర్చుకుంటారు. కూల్చిన సమాధులను 2015 నాటికి తిరిగి కట్టింది కూడా ఆ మేస్త్రీలే. తాతల నుంచి వచ్చిన పనితనం చేతుల్లో మిగిలి ఉండబట్టే అది సాధ్యమైంది.

మనకు పాఠం

హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో అరబీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులు భద్రంగా ఉన్నాయి. మన ఊళ్ళలో పాత బీరువాల్లో, దర్గాల్లో, మదరసాల్లో ఉన్న కాగితాలకు ఆ భద్రత లేదు. చదవలేని వారసుడి చేతిలో పాత వక్ఫ్ దస్తావేజు కూడా చిత్తుకాగితంగా మారవచ్చు.

కాబట్టి మీ ఇంట్లో అలాంటివి ఉంటే తడి తగలని చోట పెట్టండి. చిరిగిన చోట టేపు అంటించకండి, ఆ జిగురు కాగితాన్ని పాడుచేస్తుంది. ముందు ఫోటోలు తీయించండి. ఇచ్చే విరాళంలో కొంత భాగం ఆ పాత రాతను చదవడం నేర్చుకునే ఒక విద్యార్థి ఫీజుకు కేటాయించండి. భవనానికి ఇచ్చిన సొమ్ము గోడ మీద పేరుగా కనిపిస్తుంది. ఆ విద్యార్థికి ఇచ్చిన సొమ్ము అలా కనిపించదు. అయినా రేపు ఆ కాగితాలను చదివిపెట్టేది అతడే.